మధ్యాహ్నం పూట వేడెక్కే ఫోను

13 సెప్టెంబర్ 2011

ఈ రోజు నుంచి ఆఫీసు లేదు. నాకే కాదు, ఎవరికీ లేదు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. శేరిలింగంపల్లిలో మా ఆఫీసు గేటు ముందే షామియానా వేసి, సమ్మె క్యాంపు పెట్టి కూర్చున్నాం. మైకు నా చేతికీ ఇచ్చారు. ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు కానీ చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి. మా ఆఫీసు అటెండర్ ఎల్లేశం అయితే లేచి నిలబడి మరీ కొట్టాడు. ఇలాంటి రోజులు మళ్లీ రావు, రాసి పెట్టుకోవాలనిపించింది. అందుకే ఈ డైరీ. ఎవరూ చదవడానికి కాదు.

ఇంటికి వచ్చి కనకానికి నా ఉపన్యాసమంతా మళ్లీ చెప్పాను. అంతా విని, "సద్ది డబ్బ ఇంట్లనే మరిసిపోయినవ్. పొద్దంత ఏం తిన్నవయ్యా?" అంది. పాపం, పెళ్లయినప్పటి నుంచీ ఇల్లే లోకంగా ఉన్న మనిషి. ఉద్యమం గురించి ఆమెకేం తెలుస్తుంది.

17 సెప్టెంబర్

పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి రేఖ పోయిన నెల సిమ్ముతో సహా కొనిచ్చిన కొత్త ఫోను టీవీ పక్కనే ఉంటోంది. వేలితో తోస్తే పనిచేసే రకం. క్యాంపులో తోపులాటలు, పోలీసులు. అంత ఖరీదైన వస్తువు అక్కడికెందుకని పాత ఫోనే జేబులో వేసుకుని పోతున్నాను. కొత్తదానికి దుమ్ము పడకుండా కనకం అల్లిన లేసు గుడ్డ కప్పాను.

ఈ రోజు పొద్దున కనకం అడిగింది. "అండ్ల వీడియో గూడ తీయొచ్చునంట గద?"

"నీకెందుకే? ఏదన్న ఒత్తితే ఖరాబైతది" అన్నాను.

మళ్లీ అడగలేదు.

22 సెప్టెంబర్

బొగ్గు బావులు బంద్. బస్సులు బంద్. బడులు బంద్. ఇప్పుడు హైదరాబాదులో కరెంటు కూడా పోతోంది, మా నల్లగండ్లలో రోజూ మధ్యాహ్నం పూటే. మేడ మీద కిరాయికున్న పిల్లలు కిరణ్, కావ్య మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తారు. కడప వాళ్లు. కంపెనీ క్యాబులు రాక వారం నుంచి ఇంట్లోంచే పని. కరెంటు పోగానే కిరణ్ బాల్కనీలోకి వచ్చి ఉసూరుమంటూ నిలబడతాడు. కింద నుంచి చూసి నేను మీసం దువ్వుకుంటాను. సమ్మె దెబ్బంటే అదీ.

25 సెప్టెంబర్

క్యాంపులో కొత్త పాట ఒకటి పుట్టింది. ఎవరో ఫోనులో విని వచ్చి అందుకున్నారు, మధ్యాహ్నానికి అందరికీ నోటికి వచ్చేసింది. బతుకమ్మ వరసలో ఉంది:

సమ్మెకు వోయిండు ఉయ్యాలో – మా ఇంటి సారు ఉయ్యాలో
సద్ది మరిసిండు ఉయ్యాలో – జెండ మరువలేదు ఉయ్యాలో
రాష్ట్రమొచ్చేదాక ఉయ్యాలో – అన్నమొద్దన్నడు ఉయ్యాలో
రాతిరింటికొచ్చి ఉయ్యాలో – రెట్టింపు దిన్నడు ఉయ్యాలో

నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. నేనే ముందు నిలబడి పాడించాను. ఆ సారు ఎవరో కానీ అచ్చం మా సూపరింటెండెంట్ చలపతిరావే. ఆ మాట ఎల్లేశం చెవిలో చెబితే, నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "అంతే సార్, అంతే" అన్నాడు.

27 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. నేను వచ్చేసరికి ఆడవాళ్ల ఆటపాటలు అయిపోయాయి. కనకం ముఖం దీపంలా ఉంది. ఈ మధ్య తనలో తనే నవ్వుకుంటోంది కూడా. నా ఉత్సాహం ఆమెకూ అంటుకున్నట్టుంది.

28 సెప్టెంబర్

కొత్త ఫోనులోంచి రేఖకు చేద్దామని చూస్తే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేసింది. మూడోసారికి అర్థమైంది. మన ఫోను నుంచి బయటికి కాల్స్ ఆపేశారట. బిల్లు హద్దు దాటిందట. ఒక్క కాల్ కూడా చేయని ఫోనుకు హద్దు దాటడమేమిటి?

29 సెప్టెంబర్

బస్సుల్లేవు. షేర్ ఆటోలో మాదాపూర్ వెళ్లి ఫోను కంపెనీ షాపులో కూర్చున్నాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఇదంతా డేటా సార్. నెట్ ప్యాక్ లేకుండా వాడారు, అందుకే ఇంత పడింది" అంది.

"నెట్టు అంటే ఇంటర్‌నెట్టా? నాకు అది పెట్టుడే రాదమ్మా."

"మీ ఫోను నుంచే వాడారు సార్. చూడండి, అన్నీ మధ్యాహ్నాలే."

ఆరు వేల పైచిలుకు. జీతం లేని నెల. నా గొంతు పెరిగింది, క్యూలో వాళ్లు తిరిగి చూశారు. ఆ పిల్ల మాత్రం నవ్వు చెదరకుండా, "నెట్ ఆపేయమంటారా సార్?" అని అడిగింది. ఒక నిమిషం ఆలోచించాను. ఆపేస్తే దొంగ దొరకడు. "ఉండనీ. వాడు ఎవడో చూడాలె" అన్నాను. ప్రస్తుతానికి కొంత కట్టి లైను తెరిపించుకుని వచ్చాను.

మధ్యాహ్నం నేను క్యాంపులో ఉంటాను. ఇంట్లో ఉండేది కనకం ఒక్కతే. దానికి ఫోను ముట్టుకోవడమే భయం. కాబట్టి కనకం కాదు.

ఎల్లేశానికి చెప్పాను. "పైన సాఫ్ట్‌వేరోళ్లు ఉన్నరు గద సార్. నెట్టు గాలిల కెల్లి గుంజుతరంట" అన్నాడు. నాకూ అదే తట్టింది. చెప్పలేదంతే.

కనకాన్ని అడిగాను. "నేను లేనప్పుడు పైనోళ్లు ఎవరన్న కిందికొస్తున్నరా?"

గిన్నె తోముతూ తల ఎత్తలేదు. "కావ్య వస్తది. తోడుకు ఇంత పెరుగు కావాల్నంటె ఇస్త."

"రోజూ తోడేనా?"

"పాలు విరుగుతున్నయంట" అంది.

30 సెప్టెంబర్

క్యాంపు నుంచి మధ్యాహ్నమే చెప్పకుండా వచ్చేశాను. కరెంటు లేదు. కనకం వంటింట్లో ఉంది, కావ్య మెట్లెక్కుతూ కనిపించింది, చేతిలో పెరుగు గిన్నె లేదు. టీవీ దగ్గరికి వెళ్లి లేసు గుడ్డ తీసి ఫోను మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఇప్పుడే పొయ్యి మీంచి దించిన రొట్టెలాగా.

"ఏం వెతుకుతున్నవ్?" అని కనకం వెనకే వచ్చింది.

"ఫోను గింత గరమెందుకుంది?"

"ఎండలు గట్లనే ఉన్నయి గదా" అంది.

నిజమే, ఎండలు బాగానే ఉన్నాయి. కానీ ఫోను ఉన్నది నీడలో. గాలిలోంచి గుంజుతుంటే వేడెక్కుతుంది కాబోలు.

1 అక్టోబర్

సాయంత్రం కిరణ్‌ను కిందికి పిలిచాను. కావ్య కూడా వచ్చింది. నెమ్మదిగానే మాట్లాడదామనుకున్నాను. బిల్లు కాగితం చేతిలో పట్టుకోగానే నెమ్మది పోయింది.

"మా నీళ్లు, మా నౌకర్లు అయిపోయినయి, ఇప్పుడు మా నెట్టు గూడ మీకే కావాల్నా?" అన్నాను.

కిరణ్ ముఖం పాలిపోయింది. "మాకు పైన మా నెట్టు ఉంది సార్. మీ ఫోనుతో మేమేం చేసుకుంటాం?" అన్నాడు.

"దసరా ఎల్లినంక ఇల్లు ఖాళీ చేయుండ్రి."

కావ్య ఏదో అనబోయి కనకం వైపు చూసింది. కనకం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అన్నది, "తప్పు మాటన్నవయ్యా. జర నేను చెప్పేది ఇను."

"ఇగ ఆ ముచ్చట బంద్" అన్నాను.

అన్నం తినేటప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ బంద్ అన్నాను. ఇంటి యజమానిగా నేను చేసింది న్యాయమే.

2 అక్టోబర్

ఉప్మా. ఉప్పు లేదు. నేనూ అడగలేదు.

నేను చేసింది న్యాయమే.

3 అక్టోబర్

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఈ రోజు రోడ్డు మీద వంటావార్పు. పెద్ద డేగిసాలు, కట్టెల పొయ్యిలు. నాకు ఉల్లిగడ్డలు కోసే పని పడింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఎల్లేశం పక్కన కూర్చుని, "సార్, ఆ సమ్మె సారు పాట మొత్తం దొరికింది. బ్లూటూత్‌ల ఏయించుకున్న. వీడియో గూడ ఉంది" అని ఫోను నా ముందు పెట్టాడు.

తెర మీద ముఖం లేదు. రెండు చేతులే ఉన్నాయి. ఇత్తడి పళ్లెంలో తంగేడు పూలు, గునుగు పూలు వరసలుగా పేరుస్తున్నాయి. గొంతు మొదలైంది. సమ్మెకు వోయిండు ఉయ్యాలో. చుట్టూ జనం నవ్వుతున్నారు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆ పళ్లెం నాది. మా పెళ్లిలో మా మేనత్త పెట్టింది. దాని అంచుకు ఒకచోట సొట్ట ఉంటుంది. తెర మీదా ఉంది. ఆ గాజులు పోయినేడు నేనే చార్మినార్ నుంచి తెచ్చాను. ఆ గొంతు, రోజూ 'అన్నానికి రా' అని నన్ను పిలిచే గొంతు.

నవ్వించే చరణాలే మాకు క్యాంపులో తెలుసు. పాట అక్కడితో ఆగలేదు.

బొగ్గు బాయి ఆగె ఉయ్యాలో – బస్సు చక్రమాగె ఉయ్యాలో
పొయ్యి ఆగలేదు ఉయ్యాలో – మా చెయ్యి ఆగలేదు ఉయ్యాలో
సమ్మె లేని కొలువు ఉయ్యాలో – ఆడిబిడ్డ కొలువు ఉయ్యాలో
అయిన గూడ మేము ఉయ్యాలో – మీ ఎంట ఉన్నము ఉయ్యాలో

డేగిసాల దగ్గర ఆడవాళ్లు గరిటెలు ఆపి విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకామె కళ్లు తుడుచుకుంది. "ఏ ఊరి తల్లో గాని, కడుపుల మాట పాడింది" అంది.

"నల్లగండ్ల" అన్నాను.

ఎల్లేశం నా వైపు తిరిగాడు. "మీకు ఎరుకేనా సార్?"

"నా భార్య."

ఎల్లేశం ముందు నమ్మలేదు. నా ముఖం చూసి నమ్మాడు. నమ్మాక ఉల్లిగడ్డల గంప మీంచి దూకి మైకు దగ్గరికి పరుగెత్తాడు. "సమ్మె సారు దొరికిండు! ఈయననే! సద్ది మరిసింది ఈయననే!" అని అరిచాడు. నన్ను లేపి భుజాల మీదికి ఎత్తారు. పాతికేళ్లకు పైగా నౌకరీ చేశాను, ఎవరూ ఎత్తలేదు. అన్నం మరిచిపోయినందుకు ఎత్తారు.

దిగగానే ఇంటికి నడిచాను. నడిచాననడం కంటే పరుగెత్తాననడం నిజం.

కరెంటు లేదు. కనకం, కావ్య ముందుగదిలో చాప మీద కూర్చుని ఉన్నారు, మధ్యలో ఫోను. నన్ను చూడగానే కావ్య లేచి నిలబడింది. కనకం లేవలేదు. ఫోనును రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నేనే వాడిన. పిల్లల తప్పేం లేదు" అంది. "రెండు దినాల సంది చెప్పుదామనే చూస్తున్న. నువ్వు చెప్పనిస్తివా?"

"పాట గట్టుడు నీకెప్పటి సంది వచ్చు?"

"ఎప్పటి సందో వచ్చు. నువ్వెన్నడు అడగలే."

కూర్చున్నాను. కావ్య కూడా మెల్లిగా కూర్చుంది.

"ఆంటీ బియ్యం ఏరుకుంటా పాడుతాంటే నేను మెట్ల మీద విన్నా సార్" అంది. "ఈ ఫోన్లోనే రికార్డు చేస్తానంటే ముఖం వద్దనింది. చేతులు చాలులే అన్నా. నెట్‌లో పెట్టింది నేనే. ఎంతమంది వింటాండారో మీకు తెలీదు. కరీంనగర్ నుంచి ఒకామె, ఈ అక్క యాడుందో చెప్పండి, కాళ్లు మొక్కాల అని రాసింది."

"మీది కడప గదమ్మా. ఈ పాట నీకెందుకు?"

"రాష్ట్రం రావాల్నో వద్దో మా ఇంట్లో మేమే రోజూ కొట్లాడుకుంటాం సార్. ఆంటీ గొంతు మటుకు అందరికీ వినపడాల. దాంట్లో మాకు కొట్లాట లేదు."

మేడ మీదికి నేనే వెళ్లాను. కిరణ్ అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుతున్నాడు. సర్దిన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమరాలో పెట్టడం మొదలుపెట్టాను. "సార్, అవి నేను పెట్టుకుంటా" అన్నాడు. "నేను తిట్టిన నోటితోనే చెప్తున్న, తప్పు నాది. మీరు ఇక్కడికెల్లి పోవద్దు" అన్నాను. ఇద్దరం కలిసి పెట్టె ఖాళీ చేశాం.

కిందికొచ్చి నా ఫోను తిప్పి చూసి, కిరణ్ అసలు సంగతి తేల్చాడు.

"కావ్య దీన్ని మా వైఫైకే కలిపింది సార్. దానికి మీకు రూపాయి పడదు. కానీ కరెంటు పోతే మా మోడెం ఆగిపోతుంది. అప్పుడు ఫోను ఎవరికీ చెప్పకుండా మీ సిమ్ము నెట్టులోకి మారిపోతుంది. వీడియో ఎక్కించేటప్పుడు కరెంటు పోయింది, మిగిలిందంతా మీ బిల్లు మీదే ఎక్కింది. ఆ తర్వాత ఆంటీ కరెంటు లేనప్పుడు కూర్చుని తన పాట తనే మళ్లీ మళ్లీ చూసుకుంది."

కనకం సిగ్గుపడింది. "కరెంటు లేకుంటె టీవీ రాదు. ఇంకేం జూడాలె?"

"మరి కరెంటు ఎందుకు పోతున్నట్టు?" అన్నాను, ఇంకా ఎవరినో పట్టుకోవాలన్న ఆశతో.

కిరణ్ నా వైపు చూసి, నేల వైపు చూసి, "బొగ్గు రాక సార్. మీ సమ్మెకే కదా" అన్నాడు.

ముందు కనకం నవ్వింది. తర్వాత కావ్య. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో చెప్పలేను. దొంగను పట్టుకుంటానని ఊరంతా తిరిగాను, దొంగ షామియానా కింద మైకు పట్టుకుని ఉన్నాడు.

4 అక్టోబర్

సద్దుల బతుకమ్మ, పండగ ఆఖరి రోజు. తెల్లవారగానే కిరణ్‌ను బండి ఎక్కించుకుని తంగేడు పూలకు తెల్లాపూర్ వైపు పోయాను. దారిలో రాష్ట్రం గురించి వాదించుకున్నాం. అతను ఒక్క మాటా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. పూలు మాత్రం రెండు సంచులు కోశాం.

కావ్య కూడా ఒక బతుకమ్మ పేర్చింది. కొంచెం పక్కకు ఒరిగింది. కనకం దానికే ముందు పసుపు గౌరమ్మను పెట్టింది.

సాయంత్రం మైదానానికి పెద్ద బతుకమ్మను నేనే నెత్తి మీద పెట్టుకుని తీసుకెళ్లాను. క్యాంపు వాళ్లంతా అక్కడే ఉన్నారు, ఎల్లేశం మైకుతో సహా. కనకం మైకు వద్దంది. చుట్టూ చేరిన ఆడవాళ్లు వదల్లేదు. మొదటి చరణానికి గొంతు వణికింది. రెండో చరణానికి చప్పట్లు కలిశాయి. మూడో దానికి మైదానమంతా ఆ గొంతు వెనకే తిరిగింది. నేను మగవాళ్ల వరసలో నిలబడి, నా పక్కనున్న తెలియని మనిషితో, "మా ఇంటామె" అన్నాను. కాసేపటికి ఇంకో మనిషి దగ్గరికి జరిగి అతనికీ చెప్పాను.

రేఖ పుణె నుంచి ఫోను చేసింది. "నాన్నా, మా ఆఫీసుల తెలుగోళ్లందరి ఫోన్లల్ల అమ్మ పాటనే ఉన్నది. ఆ బిల్లు నేను కట్టేసిన, నువ్వు ఇగ ఎవరితోటి పంచాయితీ పెట్టుకోకు" అంది.

7 అక్టోబర్

మళ్లీ మాదాపూర్ షాపుకు వెళ్లాను. అదే అమ్మాయి. నన్ను చూడగానే నవ్వు కొంచెం జాగ్రత్తగా పెట్టుకుంది.

"దొంగ దొరికాడా సార్?"

"దొరికిందమ్మా. ఆమెకే నెట్ ప్యాక్ ఏయించనీకి వచ్చిన. ఉన్నదాంట్ల పెద్దది ఎయ్యి."

ఎల్లేశం కొంచెం ముందు ఫోను చేశాడు. మహిళలంతా రేపు క్యాంపులో కూర్చుంటారట, అమ్మను తప్పకుండా పంపాలట. "నేను పంపుడేంది, ఆమెనే అడుగు" అని కనకం చేతికిచ్చాను. కనకం అంతా విని, "వస్త తమ్మీ" అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు అన్నం నువ్వొండు" అంది.

8 అక్టోబర్

ఇంట్లో నేనొక్కణ్నే. కనకం కొత్త చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, కావ్య స్కూటీ మీద పోయింది. పోయే ముందు కందిపప్పు డబ్బా, ఉప్పు, చింతపండు వరసగా పెట్టి చూపించింది. నీళ్లెన్ని పోయాలో మాత్రం చెప్పలేదు. వంటింటి గట్టు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఎల్లేశం ఫోను. మాట్లాడలేదు, ఫోనును మైకుకు ఎదురుగా పెట్టినట్టున్నాడు. జనం గోల, ఆ గోల మధ్యలోంచి కనకం గొంతు. కొత్త పాట. ఇంతకు ముందు నేను విననిది. ఇంటి సారు పొయ్యి దగ్గర ఉన్నాడట. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడట. ఆమెకెలా తెలిసిందో!

పప్పు పొంగి పొయ్యి మీద పడుతోంది. పడనీ. చరణం అయ్యాక దించుతాను.